మానేటి యొడ్డున మగ్గముల పట్టణము

మా చింతమడకకు ఉత్తరదిక్కున మానేటి యొడ్డున సిరిసిల్ల యను పట్టణమున్నది. దాని పేరు వినగానే మనకు మగ్గపు చప్పుడు జ్ఞప్తికి వచ్చును. ఆ చప్పుడు ఒకప్పుడు మ్రోగి, ఒకప్పుడు ఆగుట కేమి కారణమో మనవి చేసెదను.

మానేరు గోదావరికి ఉపనది. మన సీమలోని కూడవెల్లి వాగు నర్మాలకడ దానిలో కలియును. అచ్చటనే నిజాము కాలపు ఎగువ మానేరు ఆనకట్ట గలదు. నది పొలములను పోషించినది. పట్టణమును పోషించినది నూలుపోగు.

చేరువనే వేములవాడ గలదు. 10వ శతాబ్దమున అది చాళుక్య ప్రభువుల రాజధాని. రెండవ అరికేసరి ఆస్థానమున పంపకవి కన్నడమున కావ్యము రచించెను. అతని తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల బొమ్మలగుట్టపై తెలుగు కందపద్యములు చెక్కించెను. ఆ రాజులు పోయిరి, రాజధాని పోయెను. వేలకొలది జనుల రాకపై ఆధారపడిన రాజరాజేశ్వరాలయము నిలిచెను. 2016లో ఏర్పడిన జిల్లాకు ఆ రాజన్న పేరే పెట్టిరి.

సిరిసిల్ల పద్మశాలీలు మొదట చేమగ్గములపై నేసిరి. అగ్గిపెట్టెలో ఇమిడెడు చీర నేసిన నల్ల పరంధాములు అచ్చటి వాడే. పిదప, జనులు సాంచాలని పిలుచు మరమగ్గములు వచ్చెను. నూలు యజమానిది, సాంచా ఆసామిది, రెక్కల కష్టము కార్మికునిది. గిరాకి తగ్గినపుడు దెబ్బ ముందుగా తగులునది ఆ రెక్కలకే. పనికై పలువురు భీవండికి, షోలాపూరుకు, సూరతుకు వలసపోయిరి. 2000 ప్రాంతమున అప్పుల బాధకు తాళలేక ఎందరో నేతగాండ్రు ప్రాణములు తీసికొనిరి. సిరిసిల్లను జనులు ‘ఉరిసిల్ల’ యని దుఃఖముతో పిలిచిన దినము లవి.

2017 నుండి ప్రభుత్వము బతుకమ్మ చీరలు నేయించెను. సాంచాలకు చేతినిండ పని దొరకెను. 2024 ఆరంభమున ఆ కొనుగోలు నిలువగా సాంచాలును నిలిచెను. 2025లో మహిళాసంఘముల చీరలకై మరల పని వచ్చినది.

ప్రభుత్వపు చేయూత మేలే; కాదనను. కాని ఒక్క వాకిటనే నమ్ముకొన్న వృత్తి, ఆ వాకిలి మూసిననాడు వీధిపాలగును. వేములవాడ చరిత్ర మనకు చెప్పునదియు నిదియే: ఒక్క రాజు నీడ కొన్నాళ్లు, పదిమంది ఆదరణ పదితరములు. పండుగకు బట్టలు కొనునపుడు మానేటి యొడ్డున నేసిన గుడ్డ యేదని పెద్దలైన మీరొకమారు అడుగుడు. ఆ నేతకు కొత్త వాకిండ్లు తెరచువారు మనవంటి వారే.