గ్రుస్ ఆన్ టెప్లిట్జ్ (గులాబీ)

గ్రుస్ ఆన్ టెప్లిట్జ్ మంచి సువాసన గల ఎర్రని తోట గులాబీ రకము. ఇది ఒక్క ఋతువుతో ఆగక ఏడాదిలో పలుమార్లు పూస్తుంది. ఉత్తర భారతదేశములో దీనిని విడిపూల కొరకు పొలాలలో సాగు చేస్తారు. పాకిస్తానులో దీనిని సుర్ఖా అంటారు.

చరిత్ర

ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యములో అటవీ అధికారిగా పనిచేసిన రుడాల్ఫ్ గెష్విండ్ (1829-1910) ఈ రకమును రూపొందించాడు. జర్మనీలోని ట్రియర్ నగరానికి చెందిన పీటర్ లాంబర్ట్ 1897లో దీనిని విడుదల చేశాడు. జర్మను భాషలో ఈ పేరుకు "టెప్లిట్జ్ పట్టణానికి వందనము" అని అర్థము. ఆ పట్టణము నేడు చెక్ రిపబ్లిక్‌లో ఉన్నది.

లక్షణములు

మొక్క సుమారు ఒకటిన్నర నుండి రెండు మీటర్ల ఎత్తు పెరుగుతుంది. లేత ఆకులు ఎర్రని ఛాయలో ఉంటాయి. ముదురు ఎరుపు పూలు గుత్తులుగా పూస్తాయి. కాడ సన్నగా ఉండి పువ్వు బరువును మోయలేదు, అందువలన పూలు తల వంచుకొని ఉంటాయి. పూలగుత్తుల వ్యాపారములో ఇది పెద్ద లోపమే. నిటారైన కాడ కొరకు వాసనను వదులుకున్న అంగడి గులాబీల పక్కన ఇది నిలువలేదు. అయితే దండకు, పూజకు కాడతో పని లేదు కనుక అక్కడ ఈ లోపము లెక్కకు రాదు.

మళ్ళీ మళ్ళీ పూయుటకు కారణము

పూర్వపు ఐరోపా గులాబీలలో ఎక్కువ భాగము ఏడాదికి ఒక్కసారే పూచేవి. వాటిలో ఒక జన్యువు వసంతము తరువాత పూత రాకుండా ఆపుతుంది. చైనా గులాబీలలో ఆ జన్యువు మధ్యలో మరొక డి.ఎన్.ఎ. భాగము చేరి దాని పనిని దెబ్బతీసినదని 2012లో వెలువడిన పరిశోధన తెలిపినది. అందువలన వాటిలో ప్రతి కొత్త చిగురు చివర మొగ్గ తొడుగుతుంది. టెప్లిట్జ్ పూర్వీకులలో చైనా గులాబీలున్నవి. కాబట్టి వాడిన పూలను కింది ఆకు వరకు తుంచిన కొద్దీ కొత్త చిగుర్లు, వాటితో పూలు వస్తాయి. తుంచనిచో కాయ కట్టుటకే మొక్క శక్తి ఖర్చవుతుంది.

పెంపకము

పెన్సిలు మందము గల 15-20 సెం.మీ. కొమ్మముక్కలను, రెండు కణుపులు మట్టిలో ఉండునట్లు నాటితే వేళ్ళు తొడుగుతాయి. ఇట్లు పెంచిన మొక్కకు ఒక సౌకర్యమున్నది. అంటుమొక్కలలో అంటు కింద నుండి వచ్చే పిలకలు అడవి రకానివి, వాటిని తీసివేయకున్న అసలు మొక్క క్షీణిస్తుంది. సొంత వేళ్ళ మీద పెరిగిన మొక్కకు ఈ బెడద లేదు.

రోజుకు ఆరు గంటల ఎండ, నీరు నిలువని నేల అవసరము. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో వానలు తగ్గిన తరువాత, అక్టోబరులో కొమ్మలు కత్తిరించి పశువుల ఎరువు, వేపపిండి వేస్తారు. కత్తిరించిన సుమారు 45 రోజులకు పూత వస్తుంది. ఎండు కొమ్మలను తీసి, మిగిలినవి మూడవ వంతు తగ్గిస్తే చాలు. ఇటువంటి పాత రకాలను మొదలంటా నరకరాదు. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు పూసేవి మేలైన పూలు. వేసవిలో పూలు చిన్నవై రేకుల అంచులు మాడుతాయి.

చలికాలములో బూడిద తెగులు సోకుతుంది. నీటిలో కరిగే గంధకమును లీటరుకు 3 గ్రాముల చొప్పున చల్లని వేళ పిచికారీ చేయాలి. మందు కొట్టిన మొక్కల రేకులను తినుటకు వాడరాదు.

ఉపయోగములు

రేకులతో గుల్కందు చేస్తారు. ఎండ ఎక్కితే సువాసన తైలములు ఆవిరగును కనుక తెల్లవారుజామున కోయుట మంచిది. అత్తరు తీసే డమాస్క్ గులాబీ వేరు, ఇది వేరు.