లింగాలగట్టు దిగువన, గేట్లు దించాక

ఇంకా తెల్లవారలేదు. కార్తీకం చలికి కాలికింద రాయి జివ్వుమంటోంది. ఎదురుగా శ్రీశైలం డ్యామ్ రెండు కొండల మధ్య నల్లగా నిలబడి ఉంది. పన్నెండు గేట్లూ దించేశారు. వరద రోజుల్లో ఇక్కడ పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. ఇప్పుడు ఎవరో పుట్టిని ఇసుకలో ఈడుస్తున్న చప్పుడు కూడా స్పష్టంగా వినిపిస్తోంది.

"మద్దెలో కూకోండి బాబూ. కదిల్తే పుట్టి గిర్రున తిరిగిపోతాది."

ఆ యాస నల్లమలది కాదు, కర్నూలుది కాదు. విశాఖ, శ్రీకాకుళం తీరాల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చి కృష్ణ ఒడ్డున కుదురుకున్న జాలరి కుటుంబాల యాస. సముద్రం మీద పెరిగినవాళ్లు ఈ కొండల ఇరుకులో వల వేస్తున్నారు.

మీరు మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటారు. కింద వెదురు బద్దల అల్లిక, దాని అడుగున తారు పూసిన పట్టా. పుట్టికి ముందూ వెనకా ఉండవు. పుట్టి నడిపే ఆమె అంచున మోకాళ్ల మీద కూర్చుని, తెడ్డును తన ముందు అటూ ఇటూ తిప్పుతూ నీళ్లను తనవైపు లాక్కుంటుంది. ఒక్క తెడ్డుతోనే పుట్టి తిన్నగా సాగుతుంది. చెయ్యి ఆపితే చాలు, కొండలు మీ చుట్టూ తిరగడం మొదలుపెడతాయి.

సముద్రంలో ఆటుపోట్లకు లెక్క ఉంది, చంద్రుణ్ణి చూస్తే తెలుస్తుంది. ఇక్కడి నీటికి ఆ లెక్క లేదు. ఆ గోడ అవతల నిండుమట్టం 885 అడుగులు. మీరు తేలుతున్నది నాగార్జునసాగర్ వెనక జలాల మీద, సాగర్ నిండినా 590 అడుగులే. ఈ రెండింటి మధ్య ఎత్తు తేడాయే కరెంటు. కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టున కొండ కడుపులో 900 మెగావాట్లు. యంత్రాలు తిరిగితే నీరు పొంగుతుంది, వలలు కొట్టుకుపోతాయి. ఎడమగట్టు యంత్రాలు నీటిని వెనక్కి పైకి తోడగలవు కూడా. నిన్న మొలలోతున్న చోట ఇవాళ రాళ్లు తేలవచ్చు. అందుకే ఆమె తెడ్డు వేస్తూనే, ఒడ్డున ఒక బండ మీది తడి గీతను చూసుకుంటోంది.

"జానెడు దిగింది మావా."

నీటి మీద ఖాళీ వాటర్ బాటిళ్లు తేలుతున్నాయి. అవే బెండ్లు. ఆమె భర్త మొదటి బాటిల్ అందుకుని తంగూసు వలను చేతికి చేయి మార్చి లాగుతాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు ధారగా మీ ఒళ్లో పడతాయి. ముందు ఒక జిలేబి చేప వచ్చింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత వలలో పెద్ద చిరుగు, దాని పక్కనే ఒక చేప తల, మొండెం లేదు.

"నీటికుక్క," అంటాడు కోపం లేకుండా. దానికీ కడుపుంది కదా అన్నట్టు చిరుగును పక్కకు మడిచి మళ్లీ లాగుతాడు.

వల ఒక్కసారి బరువెక్కుతుంది. "ఓలే, తెడ్డు ఆపు." పైకి వచ్చింది బొచ్చె. మొండేనికి మించినట్టుండే తల, పైకి తిరిగిన నోరు. మొప్పల కింద దారం బిగుసుకుపోయింది. అతను బలవంతం చేయడు. బొటనవేలు మొప్ప కిందికి పోనిచ్చి, దారాన్ని ఒక్కో పొలుసు మీంచి జార్చి విడిపిస్తాడు. చేప పుట్టి అడుగున పడి తోక కొడితే ఆ అదురు మీ వెన్నుదాకా వస్తుంది.

మీరు వలను పట్టుకుని చూడండి. కన్నులో నాలుగు వేళ్లు దూరతాయి. అరచేతి కన్నా చిన్న చేప ఇందులోంచి ఇటు దూరి అటు పోతుంది. కృష్ణ మీద అలివి వలలు కూడా తిరుగుతాయి. దోమతెరంత సన్నటి కన్నుతో రేవు మొత్తాన్ని చుట్టేసి, వేలెడు చేపపిల్లల్ని కూడా ఊడ్చేస్తాయి. వాటిపై నిషేధం ఉంది, అయినా ఆగలేదు. బొచ్చె, శీలవతి నిలవనీటిలో గుడ్లు పెట్టవు, పారే నీరు కావాలి. అందుకే జలాశయాల్లో ఏటా పిల్లల్ని తెచ్చి వదులుతారు. వదిలిన పిల్లను నెలలోపే ఊడ్చి ఎండబెట్టి అమ్ముకుంటే, నాలుగు వేళ్ల కన్నుతో వల వేసేవాడు ఏం పట్టుకోవాలి? ఇది నాకు దొంగతనంగానే కనిపిస్తుంది, అదీ పక్క పుట్టివాడి కంచంలోంచి.

ఎండ ఎడమగట్టు కొండను తాకేసరికి ఒడ్డు చేరతారు. కొండ మీద శ్రీశైలం క్షేత్రంలో నీచు వండరు, అమ్మరు. కాబట్టి తినేవాళ్లంతా ఇక్కడికే దిగిరావాలి. హైదరాబాదు దారిలో ఆగిన కారువాళ్లు అప్పుడే బేరం మొదలెట్టారు. పొయ్యిల మీద నూనె కాగుతోంది, ఉప్పూకారం పట్టించిన ముక్కల ఘాటుకు కళ్లు మండుతున్నాయి. బొచ్చె తూకానికి ఎక్కింది. కారాయన ధర తగ్గించమంటాడు. ఆమె తల అడ్డంగా ఊపి, చేపను మళ్లీ గంపలో వేస్తుంది. అతను అప్పుడే వల పరిచి నీటికుక్క చేసిన చిరుగు దగ్గర కూర్చున్నాడు.

"సాయంత్రం నీళ్లు ఇడుస్తారంట మావా, సూదిలో దారం ఎక్కించు. ఈ రేత్రి గట్టువారే ఏద్దాం."