బందరు త్రోవలోని వ్రాఁతప్రతులు

ఉయ్యూరు బెజవాడనుండి బందరునకుఁ బోవు రాజమార్గముమీఁద నున్నది. తెలుఁగు వ్రాఁతప్రతుల చరిత్రమున నీ త్రోవకొసనున్న బందరునకు గొప్ప స్థానము గలదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌనుదొర యచ్చట నుద్యోగించుచు 1824లో వేమన పద్యములను సేకరింప మొదలిడెను. 1829లో నాతఁడు ప్రకటించిన సంపుటమున 693 పద్యములు మాత్రమే యున్నవి. వేమన పేరఁ జెల్లునవి వేలకొలఁది గదా! ఏది గ్రాహ్యము, ఏది త్యాజ్యము అను నిర్ణయము దొరదియు నాతని పండితులదియు.

బ్రౌను పద్ధతి యిట్టిది: ఒక గ్రంథమునకు దొరకిన తాళపత్రప్రతులనెల్లఁ దెప్పించి, లేఖకులచేఁ గాగితముమీఁద నెత్తివ్రాయించి, పాఠములను సరిపోల్పించి, శుద్ధప్రతిని సిద్ధము చేయించుట. జూలూరి అప్పయ మొదలగు పండితు లీ పనిలోఁ దోడ్పడిరి. ఈ శ్రమ లేకున్నఁ బెక్కు కావ్యములు మనకు దక్కియుండవు. ఐనను శుద్ధప్రతి కుదిరినతోడనే మూలపుఁ గమ్మలయందు శ్రద్ధ సన్నగిల్లుట సహజము. పండితుఁడు తప్పని త్రోసివేసిన పాఠమే యొక్కొకచోఁ గవిపాఠము గావచ్చును. ఆ విచారమునకుఁ గమ్మయే సాక్షి.

ఏలూరి కావలి సోదరుల సాయమునఁ గాలిన్ మెకంజీ కూర్చినవియు, లేడెను కూర్చినవియు, బ్రౌను కూర్చినవియుఁ జేరి మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునకుఁ బునాదియయ్యెను. అది చిరకాలము మదరాసు విశ్వవిద్యాలయ భవనముననే యుండెను. వానిలోఁ గొన్ని సముద్రము దాఁటి లండనుఁ జూచి మరలివచ్చినవి!

నేఁటి డిజిటల్ ప్రతి యీ చిక్కును గొంత తీర్చుచున్నది. లేఖకుని చేయి నడుమ రాదు. చిత్తూరు మండలమునఁ బుట్టిన రాజ్ రెడ్డిగారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునుండి నడపిన పుస్తకోద్యమమున 2007 నాఁటికి 15 లక్షలకు మించిన గ్రంథములు ఛాయారూపము దాల్చెను. తెలుఁగు గ్రంథములును వానిలో నున్నవి. దీని శాఖయైన భారతీయ డిజిటల్ గ్రంథాలయము తరువాత మూఁతపడినను, అందలి పుస్తకములు పెక్కులు ఇంటర్నెట్ ఆర్కైవునఁ జేరి నిలిచినవి. ప్రతి యొక్కచోటనే యుండరాదనుట కింతకంటె నిదర్శన మేల? పట్టికలో మాత్రము తెలుఁగు పేళ్లు రోమను లిపిలో వికృతములై, వెదకువానికిఁ జిక్కవు.

అచ్చుపుస్తకమునకుఁ జాలిన యీ పని తాళపత్రమునకుఁ జాలదు. గంటపుగీఁతలో మసి యూడిపోయిన కమ్మను ఎదుటి వెలుఁగునఁ దీసినచో శూన్యము గానవచ్చును. వెలుఁగు ప్రక్కనుండి వాలుగాఁ బడవలెను. అంచున వ్రాసిన సంఖ్య, ఆశ్వాసాంతగద్య, లేఖకుని తిథివారములు ఇవి తెగిపోరాదు. పదములకు నడుమ నెడమును, పద్యమునకు వేఱు పంక్తియు లేని వ్రాఁతను జదువఁగలవారు అరుదైపోవుచున్నారు. కావున ఛాయ తీయువాని ప్రక్కనే ఛందస్సెఱిఁగిన యొక పండితుఁడు కూర్చుండి, తలక్రిందైన కమ్మను, వరుస దప్పిన కమ్మను అప్పటికప్పుడే సరిపఱుపవలెను. కట్టు విప్పి తీసిన పిదప కమ్మల వరుస తెలియుట దుర్ఘటము.

2008లో బందరునఁ గృష్ణా విశ్వవిద్యాలయ మేర్పడినది. ఉయ్యూరు, పామఱ్ఱు, మొవ్వ, కూచిపూడి దాని యంగణముననే యున్నవి. క్షేత్రయ్య పదములు, కూచిపూడి వారి యక్షగానములు పుట్టిన సీమలో నింకను నటకలమీఁద నేమేమి కట్టలున్నవో, ముందుగా నింటింటి పట్టిక వ్రాయించుట మేలు. ఛాయాయంత్రము పిదపఁ గొనవచ్చును.