డికాషన్ నలుపు, డికాషన్ బలము

కాఫీ స్ట్రాంగుగా నున్నదా, లేదా అని మనము దేనినిబట్టి నిర్ణయింతుము? రంగును చూచి, చేదును చూచి. ఈ రెండు సాక్ష్యములును అంతగా నమ్మదగినవి కావు.

గాఢమైన కాఫీని మొదట కోరినవారు రుచికై కోరలేదు. 15వ శతాబ్దమున యెమెన్ దేశపు సూఫీలు రాత్రి జపములలో కునుకు పట్టకుండుటకై దానిని కాచుకొని త్రాగిరి. 1511లో మక్కా నగరాధికారి ఖైర్ బేగ్ కాఫీని నిషేధించెను గాని, ఆ నిషేధము ఎంతోకాలము నిలువలేదు. బాబా బుడాన్ అను ఫకీరు ఆ యెమెన్ నుండియే ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలపై నాటెనని ఐతిహ్యము.

నిద్రను పోగొట్టు ఆ పదార్థమును 1819లో జర్మనీ రసాయనశాస్త్రజ్ఞుడు రుంగే వేరుచేసెను. అదియే కెఫీన్. (పరీక్షింపుమని గింజలిచ్చినవాడు మహాకవి గోథే. కవులకు నిద్రతో వైరము కొత్తది కాదు!)

ఇక నలుపు సంగతి. 1806లో నెపోలియన్ ఆంగ్లేయుల వర్తకమును దెబ్బతీయుటకై ఐరోపా రేవులను వారి సరకులకు మూయించెను. కాఫీ గింజలు కరవయ్యెను. అంతకుముందే కొందరెరిగిన చికోరీ వేరు అప్పుడు ఫ్రాన్సులో ఇంటింట వేగినది. దానిలో కెఫీన్ బొత్తిగా లేదు. రంగు, చిక్కదనము, చేదు మాత్రము దండిగా నున్నవి. దక్షిణదేశపు వంటయిండ్లలో అది కాపురము పెట్టుటకును ఈ గుణములే కారణము: తక్కువ వెలకు నల్లని డికాషన్. పొదుపును మేము తప్పుపట్టము. కాని మిశ్రమములో కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గరాదని మన ఆహార నిబంధన. పొట్లముపై పాళ్లు చూచి కొనుట మేలు. గింజలలోను భేదము కలదు. రొబస్టాలో అరబికాకన్న ఇంచుమించు రెట్టింపు కెఫీన్ ఉండును. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన అరకు కాఫీ అరబికాయే. దాని గొప్పతనము సువాసనలో నున్నది.

ఫిల్టరు పైగిన్నెలో పొడివేసి, చిల్లుల బిళ్లతో మెల్లగా అదిమి, మరిగిన నీరు పోసినచో సారము చాలవరకు మొదటి డికాషన్‌లోనికే దిగిపోవును. అదే పొడిపై మరల నీరు పోసి తీసినది నీరసమైన చేదునీరు. మన పెద్దల కాలమున పలు గృహములలో మొదటిది అతిథులకు, ఇంటి మగవారికి, రెండవది వంటయింటివారికి. అందరికన్న ముందు లేచి పొయ్యి రాజేయు ఇల్లాలికి మేల్కొలుపు పదార్థము అందరికన్న తక్కువగా దక్కెను. ఈ పంపకమును ఏ శాస్త్రము విధించినదో మాకు తెలియదు. పొడి రెండు చెంచాలు హెచ్చువేసి, ఒకే డికాషన్ తీసి అందరికిని పోసిన యింట ఆ రెండవ గిన్నెతో పనియే లేదు.