సముద్రం అడుగున వేరుకాపురం

2012 ఏప్రిల్ 11, బుధవారం. మధ్యాహ్నం రెండు దాటింది. భోజనాలయి, కాస్త నడుం వాలుద్దామనుకుంటుంటే విశాఖపట్నం నుంచి మా చెల్లెలు ఫోను.

"అక్కా, కరెంటు లేదు, గాలీ లేదు, ఫ్యాను దానంతటదే ఊగుతోందే! అందరం వీధిలో నించున్నాం. స్టవ్వు ఆర్పానో లేదో గుర్తు లేదు" అంది. ఆ వెంటనే గొంతు తగ్గించి, "సముద్రం వస్తుందంటావా?" అనడిగింది.

ఆ ప్రశ్నకి మూలం 2004 డిసెంబరు 26. పౌర్ణమి, పైగా ఆదివారం. ఆ ఉదయం సుమత్రా దగ్గర పుట్టిన కెరటం మన మంగినపూడి దాకా వచ్చింది. అన్ని దేశాల్లోనూ కలిపి రెండు లక్షల మందికి పైగా పోయారు. ఏడేళ్ళు దాటినా ఆ భయం ఎక్కడికి పోతుంది?

ఈసారి భూకంపమూ ఆ సుమత్రా వైపునే, తీవ్రత 8.6. కానీ ఇది వచ్చిన చోటే విచిత్రం. పెద్ద భూకంపాలు సాధారణంగా రెండు పలకలు ఒరుసుకునే సరిహద్దుల్లో వస్తాయి. ఇది సరిహద్దుకి ఇవతల, పలక మీదే, సముద్రం నడుమ వచ్చింది. పరికరాలతో కొలవడం మొదలుపెట్టాక అలాంటి చోట ఇంత పెద్దది మరొకటి లేదు.

భారతదేశం, ఆస్ట్రేలియా ఒకే పలక మీద ఉన్నాయని బళ్ళో చదువుకున్నాం. ఇల్లు మారేటప్పుడు మంచాన్ని గుమ్మం దాటించడం చూసే ఉంటారు. ఎడమ పక్కవాడు ద్వారబంధానికి కొట్టుకుని ఆగిపోతాడు. కుడి పక్కవాడికి దారి ఉంది గనక నడుస్తూనే ఉంటాడు. మధ్యలో కీళ్ళు కిర్రుమంటాయి. పలకలో మన భాగం హిమాలయాలకి అడ్డుపడి నెమ్మదించింది. ఆస్ట్రేలియా భాగం జావా, సుమత్రాల కిందికి జారుకుంటూ పోతోంది. నడుమనున్న భాగం నలుగుతోంది. ఇది ఇవాళ్టి గొడవ కాదు సుమండీ, సుమారు 80 లక్షల ఏళ్ళ కిందట మొదలైందంటారు! దానికి తోడు 2004లో సుమత్రా అంచు తెగి జారడంతో, ఇవతలి భాగం మీద లాగుడు పెరిగిందని శాస్త్రజ్ఞుల లెక్క.

సముద్రం అడుగున పాత పగుళ్ళు కొన్ని ఉత్తర దక్షిణాలుగా ఉన్నాయి. ఆ రోజు వాటి వెంట ఒక చీలిక, దానికి అడ్డంగా మరొకటి, మళ్ళీ ఇంకొకటి... కనీసం నాలుగు చీలికలు, మూడు నిమిషాల లోపే తెగిపోయాయి. రాయి కొన్నిచోట్ల ఇరవై మీటర్లకు పైగా జరిగింది. అంతా పక్కకే! మనల్ని కాపాడింది ఆ పక్కచూపే. నీళ్ళ తొట్టిలో అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి పక్కకి జరపండి, పెద్దగా అల లేవదు. అదే పైకి ఎత్తి చూడండి! సుమత్రా తీరంలో మ్యూలబో దగ్గర సుమారు ఒక మీటరు కెరటం లేచి ఊరుకుంది. భూమికి మాత్రం వణుకు తగ్గలేదు. ఆ తర్వాత ఆరు రోజులపాటు ఎక్కడెక్కడో దూరదేశాల్లో 5.5 దాటిన భూకంపాలు మామూలుకంటే దాదాపు అయిదింతలు వచ్చాయి.

ఆచేలో జనం మోటారు సైకిళ్ళెక్కి మెరక ప్రాంతాలకి పరుగులు తీశారు, రోడ్లు కిక్కిరిసిపోయాయి. వాళ్ళ కంగారుని చూసి ఎవరు నవ్వగలరు? మనకి 2007 నుంచి హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం ఉంది. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రాన్ని కాపలా కాస్తున్నారు! ఆ రోజూ వాళ్ళ హెచ్చరికలు నిమిషాల్లో వెలువడ్డాయి.

చెల్లెలు పైకి వెళ్ళి చూసుకుంది. స్టవ్వు ఆర్పే ఉందిట. నాలుగూ పదమూడుకి మరొకటి వచ్చింది, తీవ్రత 8.2. మళ్ళీ మెట్లు దిగింది. ఈసారి తలుపుకి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని మరీ దిగిందిట.