మన ఇంటి పొయ్యికీ ఒక చరిత్ర ఉంది

చరిత్ర అనగానే మనకి రాజులూ యుద్ధాలూ గుర్తొస్తాయి. రాజమండ్రి వాళ్ళకైతే రాజరాజ నరేంద్రుడూ, కాటన్ దొరా గుర్తొస్తారు. ఇవాళ నేను చెప్పబోయేది అంతకంటే దగ్గరి వస్తువు సంగతి. పొద్దున లేస్తూనే మీరూ నేనూ వెలిగించే పొయ్యి సంగతి. ఇందులోనూ కాటన్ దొర వస్తాడు లెండి.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలవలు వచ్చాయి, డెల్టా అంతా వరి పొలం అయింది. వరి ఉన్నచోట గడ్డీ ఊకా ఉంటాయి, గడ్డి ఉన్నచోట పశువులుంటాయి, పశువులుంటే పిడకలుంటాయి. ఇక కోనసీమ సంగతి చెప్పేదేముంది? కొబ్బరి చెట్టు కాయతో పాటు మట్టలూ, డొక్కలూ, చిప్పలూ కూడా ఇస్తుంది. అందుచేత మన పల్లెల్లో పొయ్యిలోకి డబ్బిచ్చి కొనుక్కునే అలవాటు చాలా కాలం లేదు. పట్నంలో వాళ్ళు అడితికి వెళ్ళి పుల్లలు తూకం వేయించుకునేవారు. ఏజెన్సీ అడవుల్లోంచి కలపని తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రి దాకా తేలుస్తూ తెచ్చేవారు. ఆ కలపని కోసిన మిల్లుల దగ్గర రంపపు పొట్టు చవగ్గా దొరికేది. సముద్రతీరం వైపు సరుగుడు కర్రలు ఉండనే ఉన్నాయి.

ఇప్పుడు మనం ఒకే స్టవ్వు మీద అన్నీ చేసేస్తున్నాం కానీ, మన అమ్మమ్మల ఇళ్ళల్లో పనికో పొయ్యి ఉండేది. అన్నానికీ కూరకీ పుల్లల పొయ్యి. కాఫీకి బొగ్గుల కుంపటి. స్నానాల నీళ్ళకి పెరట్లో మట్టల పొయ్యి. పాలకి పిడకల దాలి. దాలి చూడనివాళ్ళు మీలో ఉంటారేమో, చెబుతాను. గుంటలో పిడకలు పేర్చి నిప్పు వేసి, పైన పాలకుండ పెట్టి వదిలేసేవారు. మంట ఉండదు, సెగ మాత్రమే ఉంటుంది. సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, మీద మందంగా మీగడ కట్టేది. ఆ పెరుగు రుచి ఫ్రిజ్జులో పెరుగుకి రాదని ఒప్పుకుంటాను.

ఊక పొయ్యి కూడా తెలివైన సాధనమే. రేకు డబ్బాకి అడుగున పక్కగా కన్నం పెట్టి, మధ్యలో ఒక సీసా నిలబెట్టి, చుట్టూ ఊకో రంపపు పొట్టో దిట్టంగా కూరి, సీసాని మెల్లిగా పైకి లాగేసేవారు. మధ్యలో మిగిలిన గొట్టంలో మంట లేచి రెండు మూడు గంటలు మండేది. ఎవరు కనిపెట్టారో పేరు లేదు. మిల్లు పెరట్లో పారబోసేదాన్ని వంటకి వాడుకోవచ్చని ఆలోచించిన బుర్ర ఎవరిదైనా గొప్పదే.

ఈ వంటచెరకంతా ఊరికే వచ్చేదని లెక్క. ఆ లెక్క ఎవరు వేశారంటారా? వంట చెయ్యనివాళ్ళు. పిడకలు కొట్టడం, మట్టలు చీరడం, వానాకాలానికి ముందే ఎండబెట్టి అటక మీదికి చేర్చడం ఎవరి పని? ముసురు పట్టి పుల్లలు చెమ్మగిల్లితే, ఊదుగొట్టం పట్టుకుని కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే ఊదింది ఎవరు? మసి పట్టిన గిన్నెలు బూడిదా కొబ్బరి పీచూ పెట్టి తోమింది ఎవరు? వాటికి ఎవరూ పద్దు రాయలేదు. పుల్లల పొయ్యి మీద వండితేనే రుచి అని ఇప్పటికీ అనే మగవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. రుచి నిజమే కావచ్చు. ఆ రుచి వాళ్ళ నాలిక్కి, పొగ మన కళ్ళకి.

ఈ సంగతి పట్టించుకున్న పెద్దమనిషి ఒకాయన హైదరాబాదులో ఉండేవారు. ఇంజనీరింగ్ పరిశోధనా ప్రయోగశాల డైరెక్టరు ఎస్.పి. రాజుగారు. ఆనకట్టలూ కట్టడాలూ చూసుకోవలసిన ఇంజనీరు వంటింట్లోకి తొంగి చూశారు. ఒకే మంట మీద రెండు మూడు గిన్నెలు ఉడికేటట్టు, పొగ గొట్టంలోంచి బయటికి పోయేటట్టు మట్టి పొయ్యి తయారు చేశారు. దాని మీద 1953లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. కోట్లాది ఇళ్ళకి పొగలేని వంటిల్లు రావాలన్నది ఆయన ఆశ. 1980లలో ప్రభుత్వం కూడా దేశమంతటా పొగలేని పొయ్యిలు పెట్టించింది. కానీ గొట్టంలో మసి పేరుకునేది, మట్టి బీటలు వారేది, బాగు చేసే మనిషి మళ్ళీ ఆ ఊరు వచ్చేవాడు కాదు. తాటాకిళ్ళల్లో ఇంకో భయం ఉండేది, గొట్టంలోంచి నిప్పురవ్వ కప్పు మీద పడితేనో అని. మంచి ఆలోచన సగంలో ఆగిపోయింది.

పొగ ఎంత హానో కొలిచి చూడడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. 1980ల మొదట్లో కిర్క్ స్మిత్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడూ, మనదేశపు శాస్త్రజ్ఞులూ కలిసి గుజరాత్ పల్లెల్లో వంట చేస్తున్న ఆడవాళ్ళు పీల్చే గాలిలో పొగ ఎంత ఉందో కొలిచారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ఒక్క ఏడాదిలో ఇంటి పొగ వల్ల ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది చనిపోయారు. మా అమ్మమ్మ దగ్గుకి ఆయాసం అని పేరు పెట్టి మిరియాల కషాయం ఇచ్చేవారు. పొయ్యిని ఎవరూ అనుమానించలేదు.

తరవాత కిరసనాయిలు స్టవ్వులు వచ్చాయి. పంపు స్టవ్వు స్వీడన్ దేశంలో 1892లో పుట్టింది. మన ఇళ్ళల్లో బుస్సుమని మోగుతూ, పిన్నుతో పొడిస్తే గానీ మండని ఆ ఇత్తడి స్టవ్వు ఒకప్పుడు గొప్ప హోదా. వత్తుల స్టవ్వు కాస్త నిదానస్థురాలు. తక్కువ కిరసనాయిలుతో సరిపెట్టేటట్టు ఇండియన్ ఆయిల్ పరిశోధనా కేంద్రం వాళ్ళు 'నూతన్' వత్తుల స్టవ్వు తెచ్చారు. రేషన్ షాపు ముందు డబ్బాలతో నిలబడ్డ క్యూలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి.

స్టవ్వు పేరు చెబితే ఒక చేదు సంగతి చెప్పక తప్పదు. 1970లూ 80లలో పేపరు తెరిస్తే 'స్టవ్వు పేలి గృహిణి మృతి' అని తరచు కనపడేది. కొన్ని నిజంగా ప్రమాదాలే, పంపు స్టవ్వులో గాలి ఎక్కువ కొడితే ప్రమాదమే. మరి ఆ స్టవ్వు అత్తగారి దగ్గర పేలకుండా, ఆడబిడ్డ దగ్గర పేలకుండా, కొత్తకోడలు ముట్టుకున్నప్పుడే పేలడమేమిటి? ఆడవాళ్ళ సంఘాలు ఈ ప్రశ్న గట్టిగా అడిగాయి. 1983లో శిక్షాస్మృతిలో 498-ఎ సెక్షను, 1986లో వరకట్నపు చావులకి 304-బి సెక్షను చేర్చారు. వంటింటి వస్తువు ఒకటి కోర్టుల్లో సాక్ష్యం దాకా వెళ్ళిన చరిత్ర ఇది.

గ్యాసు సంగతికొస్తే, మన దేశంలో బొంబాయి వాళ్ళు 1955లోనే బర్మా షెల్ వారి సిలిండరు చూశారు. ఇండేన్ మొదటి కనెక్షన్ 1965 అక్టోబరులో కలకత్తాలో ఇచ్చారు. విశాఖపట్నంలో కాల్టెక్స్ రిఫైనరీ 1957లో మొదలైంది, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసిపోయింది. కనెక్షన్‌కి పేరు రాయించి ఏళ్ళ తరబడి ఎదురు చూడడం, ఎం.పి. గారి కూపను కోసం ఎవరి చేతో సిఫార్సు చేయించడం ఆ రోజుల్లో మామూలు. ఆ కనెక్షన్ పుస్తకం మీద ఎవరి పేరుండేదో గుర్తుందా? చాలా ఇళ్ళల్లో ఆయనగారి పేరే. వండేది మనం, సంతకం ఆయనది.

ఇంకో వింత చూడండి. గోదావరి జిల్లాల నేల కింద గ్యాసు ఉంది. ఓఎన్‌జీసీ వాళ్ళు తవ్వుతుంటే 1995 జనవరి 8న పసర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. అప్పుడు నేను స్కూల్లో చదువుతున్నాను. ఇంట్లో ఎవరు కూర్చున్నా ఆ మంటల కబుర్లే. ఇంత గ్యాసు మన కాళ్ళ కిందే ఉంటే సిలిండరు కోసం ఎందుకు పడిగాపులు పడాలి అని మా అమ్మ అడిగేది. ఆ ప్రశ్నకి జవాబు నాకు చాలా కాలం తరవాత తెలిసింది. బావిలోంచి ఎక్కువగా వచ్చేది మీథేను, దాన్ని ఎక్కువగా గొట్టాల్లోనే పంపుతారు. సిలిండరులో ఉండేది ప్రొపేను, బ్యూటేను. కొంచెం ఒత్తిడి పెడితే ద్రవమై డబ్బాలో ఒదుగుతుంది. అందుకే మన గ్యాసు గొట్టాల్లో కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీకీ, విజ్జేశ్వరం, జేగురుపాడు కరెంటు కేంద్రాలకీ వెళ్ళింది. మన వంటింటికి రాలేదు. పక్కనుంచే వెళ్ళింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గొట్టం పగిలి ఇరవైమందికి పైగా చనిపోయారు. నిద్రలో ఉన్నవాళ్ళూ, అప్పుడే లేచినవాళ్ళూ. గ్యాసు వాళ్ళ పొయ్యిలోకి రాలేదు, మంట మాత్రం వాళ్ళ ఇంటి మీదికి వచ్చింది. ఇది నన్ను ఇప్పటికీ బాధ పెడుతుంది.

1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం పెట్టి, పేద ఇళ్ళకి డిపాజిట్టు తనే కట్టి కనెక్షన్లు ఇచ్చింది, అదీ డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళ పేర. 2016లో కేంద్రం ఉజ్జ్వల తెచ్చినప్పుడు కూడా పుస్తకం మీద ఇల్లాలి పేరే. పేరు మారడం చిన్న సంగతి కాదు. కానీ పొయ్యి ఇచ్చినంత తేలిగ్గా సిలిండరు నిండదు. డబ్బు చేతిలో లేని నెల ఆ స్టవ్వు మీద గుడ్డ కప్పి, మళ్ళీ మట్టలు రాజేసిన ఇళ్ళు నేను చూశాను. 2024 దీపావళికి రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 3 సిలిండర్లు ఉచితమని మొదలు పెట్టింది. మూడు సిలిండర్లు నలుగురున్న ఇంటికి ఏడాదంతా రావని మనకి తెలుసు. కుక్కరు వాడి, పప్పు ముందే నానబెట్టి, మూతలు పెట్టి వండితే ఇంకాస్త సాగుతాయి.

మా పెదనాన్నగారి ఇంట్లో ఇప్పటికీ పెరట్లో నీళ్ళ పొయ్యి ఉంది. కొబ్బరి డొక్కలు పారెయ్యడానికి మనసొప్పదు మా పెద్దమ్మకి. డొక్కలు ఎగెయ్యడం పెదనాన్నగారి వంతు. పొగ కొబ్బరి చెట్ల మధ్యనుంచి పైకి పోతుంది. ఇంట్లోకి రాదు.