సిమోనా హలెప్

సిమోనా హలెప్ రొమేనియా టెన్నిస్ క్రీడాకారిణి. నల్ల సముద్ర తీరంలోని కాన్‌స్టాంట్సా నగరంలో 1991 సెప్టెంబరు 27న పుట్టింది. రెండు గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు గెలిచింది, మొత్తం 64 వారాలు ప్రపంచ నంబర్‌వన్‌గా ఉంది. 2008లో ఫ్రెంచ్ ఓపెన్ బాలికల టైటిల్ నెగ్గినా, డబ్ల్యూటీఏ టూర్‌లో తొలి టైటిల్ 2013లో గానీ దక్కలేదు. ఆ ఒక్క ఏడాదే ఆరు గెలిచింది.

ఆమె ఎత్తు 168 సెంటీమీటర్లు. భారీ సర్వీసులదే రాజ్యమైన కాలంలో ఆమె కాళ్లనే నమ్ముకుంది. బేస్‌లైన్ వెంట ఆ మూల నుంచి ఈ మూలకు ఉరికి, చేజారిందనుకున్న బంతిని అందుకుని, అదే దెబ్బతో ఎదురుదాడికి దిగడం ఆమె ఆటలోని అందం.

అయితే గ్రాండ్‌స్లామ్ ఫైనళ్లు చాలాకాలం కలిసిరాలేదు. 2014 ఫ్రెంచ్ ఓపెన్‌లో షరపోవా చేతిలో మూడు సెట్లలో ఓడింది. 2017లో అదే వేదికపై ఒస్టాపెంకో మీద తొలి సెట్ గెలిచి, రెండో సెట్‌లో 3-0తో ముందుండి కూడా టైటిల్ వదులుకుంది. 2018 ఆరంభంలో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో వోజ్నియాకీతో మూడు సెట్లు పోరాడి ఓడాక, ఒంట్లో నీటిశాతం పడిపోయి ఆసుపత్రిలో చేరింది. అప్పటికే ఆమె నంబర్‌వన్. అయినా గ్రాండ్‌స్లామ్ లేని నంబర్‌వన్ అన్న మాట వెంటాడుతూనే ఉండేది.

ఆ ఏడాది జూన్‌లో పారిస్‌లో, ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో కథ తిరగబడింది. స్లోన్ స్టీఫెన్స్‌కు తొలి సెట్ కోల్పోయి, రెండో సెట్‌లో 0-2తో వెనకబడిన హలెప్, చివరికి 3-6, 6-4, 6-1తో గెలిచింది. 1978లో ఇదే టైటిల్ గెలిచిన రొమేనియన్ వర్జీనియా రుజీచీ అప్పుడు ఆమె మేనేజర్.

2019 వింబుల్డన్ ఫైనల్ ఆమె ఆటకు పరాకాష్ఠ. 24వ గ్రాండ్‌స్లామ్ కోసం దిగిన సెరెనా విలియమ్స్‌ను 56 నిమిషాల్లో 6-2, 6-2తో ఓడించింది. మ్యాచ్ మొత్తంలో హలెప్ చేసిన అనవసర తప్పిదాలు మూడంటే మూడే. వింబుల్డన్ సింగిల్స్ గెలిచిన తొలి రొమేనియన్ ఆమే.

2022 యూఎస్ ఓపెన్‌లో ఇచ్చిన నమూనాలో రక్తహీనతకు వాడే నిషేధిత మందు రోక్సాడస్టాట్ బయటపడింది. కలుషితమైన పోషక పొడి వల్లే ఇలా జరిగిందని ఆమె వాదించింది. 2023లో నాలుగేళ్ల నిషేధం పడింది. 2024 మార్చిలో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆమె ఉద్దేశపూర్వకంగా తప్పు చేయలేదని తేల్చి, శిక్షను తొమ్మిది నెలలకు కుదించింది. కానీ తీర్పు వచ్చేసరికే దాదాపు ఏడాదిన్నర ఆట పోయింది. ముప్పై దాటిన క్రీడాకారిణికి అది తీరని నష్టం.

తిరిగొచ్చాక మోకాలి నొప్పి ఆమెను కుదురుగా ఆడనివ్వలేదు. 2025 ఫిబ్రవరి 4న రొమేనియాలోని క్లూజ్ నగరంలో, ట్రాన్సిల్వేనియా ఓపెన్ తొలి రౌండ్‌లో ఓడిన వెంటనే, సొంత ప్రేక్షకుల ముందు రిటైర్మెంట్ ప్రకటించింది.